పంటు మీద మా అమ్మ చెయ్యి

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని సామెత. మా రేవు జనం దాన్ని తిరగేశారండి. పంటు తిరిగినన్నాళ్ళూ దాన్ని తిట్టనివాడు లేడు. "దరిద్రప్పంటు, ఎప్పుడొస్తుందో తెలీదు, ఎప్పుడు ఇసకలో దిగబడుతుందో తెలీదు" అని ఒడ్డు మీద నిలబడి సణిగినవాళ్ళే అందరూ. వంతెన వచ్చింది. పంటుని తీసుకెళ్ళి గట్టు పక్కన మోకులతో కట్టేశారు. అది తుప్పు పట్టడం మొదలెట్టాక, ఆ సణిగినవాళ్ళకే దాని మీద ఎక్కళ్ళేని ప్రేమ పుట్టుకొచ్చింది. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున లేస్తే పంటు ఫోటోలు. "ఆహా, ఆ రోజులే వేరు" అని ఒకాయన, "పంటు మీద మరమరాల రుచి మళ్ళీ రాదండి" అని ఇంకొకాయన. ఈ రెండో ఆయన అప్పట్లో మరమరాల పొట్లంలో ఉల్లిపాయ తక్కువైందని పంటు మీద పోట్లాట పెట్టుకున్న మనిషి. నేను చూశాను.

మధ్యలో నీకేంటి నొప్పి అంటారా? ఉందండి. ఆ పంటుకి మా నాన్న సరంగు, అంటే నడిపేవాడు. మా అమ్మ దాని మీదికి బండ్లు పిలిచే మనిషి.

పంటు చూడనివాళ్ళ కోసం చెబుతాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, పైన చెక్కలు పరిచి, ఒక చివర ఇంజను పెడితే అదే పంటు. కొబ్బరికాయల లారీలు, ఐసు వ్యాన్లు, చేపపిల్లల డబ్బాలతో ఆటోలు, పెళ్ళి కార్లు, మేకలు, మేకల వెనక మనుషులు, అన్నీ ఒక్క రేవులో దాటేవి. మా పంటుకి దారి ఒకవైపే. అటు ఇంజను ఉంటుంది కాబట్టి ఇటునుంచే ఎక్కాలి, ఇటునుంచే దిగాలి. ముందుకి నడిపి ఎక్కించారో, అవతలి ఒడ్డున, పంటు నుంచి గట్టుకి దించే ఇరుకు ఇనప పలక మీద వెనక్కి దిగలేక ఏడవాలి. అందుకని మా రేవులో ఎంతటివాడైనా బండిని వెనక్కి తిప్పి, వీపుతో ఎక్కించాల్సిందే. మా ఊళ్ళల్లో డ్రైవింగు నేర్చుకునేవాడికి ముందు రివర్సు వచ్చేది, ఆ తర్వాతే ముందుకి నడపడం. బండి ముక్కుతో పంటు వైపు వస్తోందంటే, అదిగో పైనుంచి ఎవరో కొత్తవాళ్ళొచ్చారని పిల్లలు కూడా నవ్వేవాళ్ళు.

వెనక్కి వచ్చే బండికి కళ్ళుండవు కదండీ. పంటు మీద నిలబడి ఎవరో ఒకరు పిలవాలి. మొదట్లో ఆ పనికి ఒక మనిషి ఉండేవాడట. అతను రాని రోజున మా నాన్నకి అన్నం తెచ్చిన మా అమ్మ, ఒక ట్రాక్టరు ట్రక్కు నీళ్ళలోకి జారబోతుంటే క్యారేజీ పక్కన పడేసి "ఆపాపాపు!" అని అరిచిందట. ఆ అరుపుతో ట్రాక్టరూ ఆగింది, మా అమ్మ అక్కడే ఆగిపోయింది. మర్నాటి నుంచీ ఆవిడదే ఆ పని.

ఆ గొంతు మీరు వినాలండి. "రానీయ్... రానీయ్... కొంచెం ఎడంకి కొట్టు... నీ అత్తారింటికి కాదు, ఎడంకి... రానీయ్... ఆపు!" లారీ డ్రైవర్లు కూడా మారు మాట పలికేవారు కాదు. ఆవిడకో నియమం. డ్రైవరు తప్ప బండిలో ఇంకో ప్రాణి ఉండకూడదు. అద్దాలు దించాలి, తలుపు గొళ్ళెం తీసి ఉంచాలి. ఖర్మ చాలక బండి నీళ్ళలో పడితే ఒక్కడైతే ఈదుకుంటాడు, ఆరుగురు ఎలా ఈదుతారు అనేది. "దిగండి బాబూ దిగండి, ఆఫీసరైనా దిగాలి, పెళ్ళికొడుకైనా దిగాలి." బతిమాలడం కాదు, దింపేసేది. జ్వరంతో ఉన్న ముసలాయన్ని మాత్రం తనే రెక్క పట్టుకుని దింపి, పంటు మీద నీడలో కూర్చోబెట్టేది.

అలా ఒక పెళ్ళికొడుకుని దింపినప్పటిదే ఆ ఫోటో. పెనుగొండ వైపు పెళ్ళివారు. తెల్ల అంబాసిడర్, మల్లెపూల దండలు. పెళ్ళికొడుకు చెక్కల మీద నిలబడి మెడలో దండని రెండు చేతుల్తో పట్టుకుని, గోదావరిని చూసి బిక్కచచ్చిపోయి ఉన్నాడు. కారు వీపు పెట్టి ఎక్కుతోంది. పక్కన మా అమ్మ, కొంగు నడుంకి దోపి, నోరు తెరిచి, చెయ్యి ముందుకి చాచి ఉంది. ముంజేతికి సగందాకా ఆకుపచ్చ గాజులు. వాళ్ళతో వచ్చిన ఫోటోగ్రాఫరు తీశాడు. మళ్ళీ ఎప్పుడో పంటు ఎక్కినప్పుడు "ఇందమ్మా, నీ సినిమా" అని ఒక కాపీ చేతిలో పెట్టి వెళ్ళాడు. పని చేస్తూ మా అమ్మ ఉన్న ఫోటో ఈ భూమ్మీద అదొక్కటే.

తర్వాత మా నాన్న కామెర్లతో పోయాడు. పసరు వైద్యం, ఆసుపత్రీ ఏదీ ఆయన్ని నిలపలేదు. గాజులు తీసేశారు, బొట్టు తీసేశారు. పెద్దకర్మ అయ్యాక మా అమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ రేవుకెళ్ళింది. గొంతు అదే, చెయ్యి అదే. కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముహూర్తాల రోజున ఒక పెళ్ళి కారులోంచి దిగిన పెద్దావిడ, "ఇదేంటండీ, శుభమా అని వెళ్తుంటే ఈవిడ ఎదురేంటి?" అని సాగదీసింది. ఆవిడ మాట మిగతావాళ్ళు అందుకున్నారు. రేవుని వేలంపాటలో పాడుకున్నాయన మా అమ్మని పిలిచి ఎంతో మర్యాదగా చెప్పాడు: "నువ్వు మంచిదానివేనమ్మా. కానీ పెళ్ళిళ్ళ రోజులు కదా. కాస్త పక్కనుండు." ఈలతో ఇంకో మనిషి వచ్చాడు. మా అమ్మ పక్కనుండమన్నారని పక్కనే ఉండిపోయింది, ఉడకబెట్టిన వేరుశనగకాయల బుట్ట ముందర పెట్టుకుని. పంటు ఆగిపోయేదాకా అక్కడే అమ్ముకుంది. ఎవరి బండి నీళ్ళలో పడకుండా చూసిందో వాళ్ళకే ఆవిడ ముఖం చూస్తే అశుభం! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుందండి.

సరే, గ్రూపు సంగతికొస్తాను. నేను భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మా కాలేజీలో మెకానికల్ లెక్చరరు ఒకాయన ఆ గ్రూపులో పెద్ద తలకాయ. ఒకరోజు నా టేబులు దగ్గరకొచ్చి, "మేడమ్, మీ అమ్మగారి దగ్గర పంటు ఒరిజినల్ ఫోటో ఉందటండీ. రేవులో పంటు స్మృతి సభ పెడుతున్నాం. పెద్ద ఫ్లెక్సీ వేస్తాం" అన్నాడు. నేను ఇవ్వనన్నాను. ఫోను తీసుకొచ్చి ఇంట్లోనే ఫోటో కొట్టుకోండి అన్నాను. ఫ్రేము అద్దం మెరుస్తుందండీ, క్వాలిటీ రాదండీ అని సాయంత్రం ఇంటికే వచ్చేశాడు. మా అమ్మతో "మామ్మగారూ, మిమ్మల్ని ఎంత పెద్దగా వేస్తామంటే, అవతలి ఒడ్డు నుంచి కూడా కనిపిస్తారు" అన్నాడు.

అంతే. నా మాట ఎవరు వింటారు? ఆవిడే స్టూలేసుకుని ఫ్రిజ్ పైన గోడకున్న ఫ్రేము దించి, వెనక మేకులు ఊడదీసి, ఫోటోని పమిటతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "జాగ్రత్త బాబూ, ఒకటే ఉంది" అంది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

సభ రోజు వచ్చేదాకా మా వీధిలో ఆ కబురు తెలియనివాళ్ళు లేరు. పాలవాడికి చెప్పింది, ఇస్త్రీ అతనికి చెప్పింది, పక్కింటి పాస్టరుగారి భార్యకి చెప్పింది. "పంటు మీద నేను అరుస్తూ ఉన్నాను చూడు, ఆ ఫోటో. గోడంత వేస్తున్నారట" అని. లేత నీలం నేత చీర ఇస్త్రీ చేయించుకుంది. కళ్ళజోడు అద్దాలు సబ్బుతో కడిగింది. రామచంద్రపురంలో ఉన్న మా పిన్నికి ఫోను చేసి, నువ్వు రాకపోతే చచ్చినంత ఒట్టు అంది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, రాలేదు. అంత ఉత్సాహం ఆవిడలో నేను మా నాన్న పోయాక చూడలేదు.

ఆ ఆదివారం నా కారులోనే వెళ్ళాం. రేవులో షామియానా, గుడ్డ తొడిగిన కుర్చీలు, మైకు, ఒక మూల పెసరట్టు ఉప్మా, నెత్తి మీద జుయ్యిమని తిరిగే డ్రోను. పంటుకి రంగులేశారు. ఇనప పలక ఒడ్డుకి దించి పూలదండలు కట్టారు. దాని పక్కనే ఫ్లెక్సీ. నిజంగానే గోడంత ఉంది.

అమ్మ గబగబా ముందుకెళ్ళింది. నేను బండికి తాళం వేసి వెనకే వెళ్ళి తలెత్తి చూశాను. అంబాసిడర్ ఉంది. దండ పట్టుకున్న పెళ్ళికొడుకు ఉన్నాడు. ఆ పక్కన పెద్ద గుండ్రంలో, చేతులు జోడించి నవ్వుతూ, సభకి ఖర్చు పెట్టుకున్న దాతగారున్నారు. చేపల మేత వ్యాపారం చేసే పెద్దమనిషి. ఆయన గుండ్రానికీ కారుకీ మధ్యలో మణికట్టు నుంచి బయటికి ఒక్క చెయ్యి, నాలుగు ఆకుపచ్చ గాజులతో. దాని వెనక మనిషి లేదు. కింద అక్షరాలు: "పంటు పైకి కారు ఎక్కిస్తున్న క్లీనరు."

నా ఒళ్ళు ఎలా మండిందో ఏం చెప్పను! మా అమ్మ వైపు చూడ్డానికి భయమేసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఆ పక్కా ఈ పక్కా వెతుక్కుని, చివరికి "ఇదిగోనే, నా చెయ్యి!" అంది. సంతోషంగా అందండి. అదీ నన్ను చంపేసింది. దారిన పోయే ఇద్దరు ముగ్గుర్ని ఆపి, "అది నా చెయ్యే బాబూ, నేను కారుని పిలుస్తున్నాను" అని చూపించింది.

అక్కడే బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన వినయంగా వంగి, "కాదు మామ్మగారూ, అది క్లీనరు చెయ్యండి. కింద రాశాం కదా" అన్నాడు.

"గాజులేసుకున్న క్లీనరుని మీ ఇంట్లో ఏమైనా చూశారా అండీ?" అన్నాను.

ఆయన ఫ్లెక్సీ వైపు చూశాడు. తర్వాత మా అమ్మ చాచి చూపిస్తున్న చేతివైపు చూశాడు. "మరి మామ్మగారి చేతికి గాజులు లేవు కదండీ" అన్నాడు. పాపం, ఏ ఎత్తిపొడుపూ లేకుండానే అన్నాడు. మా అమ్మ చెయ్యి చటుక్కున పమిట కిందకి వెళ్ళిపోయింది. ఇంక ఎవరికీ చూపించలేదు.

నేను సరాసరి ఆ లెక్చరరు దగ్గరికెళ్ళాను. "మా ఫోటో ఏదండీ?" అన్నాను. తెచ్చి ఇచ్చాడు, చక్కగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి. పక్కన నిటారుగా కత్తిరించేసి ఉంది. మా అమ్మ ముఖం లేదు, తెరిచిన నోరు లేదు, నడుంకి దోపిన కొంగు లేదు. కారు మీదికి చాచిన చెయ్యి మాత్రం మిగిలింది.

"ఆ చివర నీటి మరక ఉందండీ మేడమ్. దాతగారి ఫోటోకి చోటు కూడా కావాల్సొచ్చింది. ఫ్లెక్సీ షాపువాళ్ళు కట్ చేసేశారట. ఏం కంగారు లేదండి, సాఫ్ట్ కాపీ నా ఫోన్లో ఉంది."

"తియ్యండి. అందులో మా అమ్మ ఉందేమో చూడండి."

ఆయన ఫోను తీశాడు. వేళ్ళతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. "కట్ చేశాకే స్కాన్ చేసినట్టున్నారండి."

"మరి ఆ ముక్క?"

"ఊడ్చేసుంటారండి."

ఊడ్చేసుంటారట! జీవితంలో ఒక్క ఫోటో ఉన్న మనిషిని చీపురుతో ఊడ్చేశారు. ఇదేనా అండీ మీ స్మృతి సభ, ఇందుకేనా రంగులు, ఇందుకేనా డ్రోను, మనుషుల్ని చెత్తబుట్టలో పోసి ఇనుముకి దండలేస్తారా అని గొంతు చించుకున్నాను. నాకు మా అమ్మ గొంతే వచ్చిందని అక్కడే తెలిసింది. పదిమందీ మూగారు. "ఫోటోయే కదమ్మా, మరీ ఇంత రాద్ధాంతమా" అన్నదొకావిడ. లెక్చరరు ముఖం పాలిపోయింది. "సారీ మేడమ్, నిజంగా సారీ. మామ్మగారికి శాలువా కప్పిద్దాం, ఇప్పుడే అనౌన్స్ చేయిస్తాను" అన్నాడు. శాలువా! మన దగ్గర ప్రతి పాపానికీ శాలువాయే పరిహారం.

ఈలోపు పాత కారొకటి తెచ్చారు, పంటు మీదికెక్కించి వీడియో తియ్యడానికి. పంటు అభిమానులండీ వీళ్ళు, పంటు చరిత్ర రాసినవాళ్ళు. ఎలా ఎక్కించారనుకున్నారు? ముక్కుతో! అద్దాలు బిగించుకుని, లోపల ఐదుగురు కూర్చుని, సెల్ఫీలు తీసుకుంటూ ముక్కుతో ఎక్కించారు. జనం చప్పట్లు. మా అమ్మ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓరి నాయనో, దింపండ్రా వాళ్ళని" అని గొణిగింది. తెలియకుండానే ఆవిడ ఇనప పలక పక్కదాకా వెళ్ళిపోయింది.

అప్పుడు మైకులో, "పంటుకి హారతివ్వడానికి ముత్తైదువలు ముందుకు రావాలి" అన్నారు.

నా కళ్ళ ముందే మా అమ్మ వెనక్కి నడిచింది. ఎవరూ పొమ్మనలేదు. కనీసం ఆవిడ వైపు చూడలేదు కూడా. తనంతట తనే షామియానా గుంజ వెనక్కి వెళ్ళి నిలబడింది. "ఏంటమ్మా ఇక్కడున్నావు?" అంటే, "హారతిస్తున్నారు కదే, నేను ఎదురుండకూడదు" అంది, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. ఎప్పుడో ఎవరో పక్కనుండమన్నారు. ఆ మాటన్నాయన పోయాడు. సాగదీసిన పెద్దావిడ పోయే ఉంటుంది. పంటే పోయింది. ఈవిడ ఇంకా పక్కనే ఉంది. ఇంక నేనెవర్ని తిట్టను?

హారతి అయింది, ఉపన్యాసాలయ్యాయి. "మన మామ్మగారికి చిరు సత్కారం" అని మైకులో పిలిస్తే, "ఈ ఎండలో శాలువా కప్పితే ఉడికి చస్తాను, వద్దని చెప్పు" అంది అమ్మ. కదల్లేదు. జనం పెసరట్ల వైపు మళ్ళారు. ఆ పాత కారుని నానా అవస్థా పడి, నలుగురు నాలుగు వైపులా అరిచి, ఎలాగో కిందకి దించారు. పంటు ఖాళీ అయింది.

నేను తాళాలు తీశాను. "అమ్మా, రా. నా బండి ఎక్కించు."

"దేనికే? వంతెనుందిగా."

"నాకు పంటే కావాలి. వచ్చి పిలువు."

"నేనా? వద్దే. నీ బండికి నేను ఎదురు రావడమేంటి..."

"నా బండికి నువ్వే ఎదురు రావాలి. ఇంకెవరొచ్చినా నేను నడపను. ఇక్కడే కూర్చుంటాను సాయంత్రందాకా."

మొండిదానివే అంది. ఆ పక్కా ఈ పక్కా చూసింది. చెప్పులు విడిచింది. పమిట కొంగు నడుంకి దోపింది. ఇనప పలక మీద మెల్లగా, మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ ఎక్కి, పంటు మధ్యలో ఇటు తిరిగి నిలబడింది. నేను కారుని వెనక్కి తిప్పాను.

"లోపల ఎవరే? దింపు!" అని కేక వినపడింది.

"నేనొక్కదాన్నే అమ్మా."

"అద్దాలు దించు. తలుపు గొళ్ళెం తియ్యి. ఆ మెడకి కట్టుకున్న బెల్టు కూడా తీసెయ్."

అన్నీ చేశాను. అద్దంలో చూశాను. ఇందాక పమిట కింద దాచుకున్న ఆవిడ చెయ్యి ముందుకి చాచుకుంది, బోసిగా. "రానీయ్... రానీయ్..." ప్లేట్లు పట్టుకున్నవాళ్ళంతా ఇటు తిరిగారని తర్వాత ఎవరో చెప్పారు. నేను చూడలేదు. చక్రాలు పలక మీదికెక్కి కింద ఇనుము మోగింది. అద్దంలో తెరిచిన నోరు, దోపిన కొంగు, ఎండకి చిట్లించిన కళ్ళు.

"నన్నేంటే అలా చూస్తావు? చెయ్యి చూడు, చెయ్యి!" అని అరిచింది.

చెయ్యి ఫ్లెక్సీలో చూసి వచ్చానమ్మా అనుకున్నాను. ఆ ఒక్క మాట వినలేదు. మా అమ్మనే చూసుకుంటూ వెనక్కి వెళ్ళాను.